ట్యాంకు మూత

తెల్లవారగానే మీర్‌పేట్‌లోని ఆ మూడంతస్తుల ఇంట్లో ఎవరో మోటారు వేశారు. నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతున్న చప్పుడుకు విజయశ్రీ చేతిలో గరిటె ఆగింది. ఆటో తీసే ముందు రోజూ మోటారు వేసేది నాన్న జానయ్యే. ఈరోజు ఆయన దినం. ఇష్టమైనవన్నీ వండి, కాకి వచ్చి ముట్టేలా పిట్టకు పెట్టాలి.

ఊరి నుంచి బస్సులో ఎల్బీ నగర్‌లో దిగి బాబాయి శ్రీనివాస్ కల్లు క్యాను తెచ్చాడు.

"గది లోపల పెట్టు శ్రీనూ. పిట్టకు పెట్టేది లేదు" అంది తల్లి యాదలక్ష్మి.

"గదేంది వదినె? అన్నకు కల్లంటే పానం గద!"

"లోకమంత తాగుబోతన్నది సాల్లేదా?"

విజయశ్రీ తలదించుకుంది. నాన్న పోయిన రోజు దవాఖాన దగ్గర విలేకరి "తాగిండా?" అని అడిగితే, "చుట్టాలింట్ల రెండు గ్లాసుల కల్లు" అని చెప్పింది తనే. తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అడిగితే నిజం చెప్పాలనుకుంది. మర్నాటికి అందరి ఫోన్లలో ఒకటే వార్త: 'పీకలదాకా తాగి.. మేడ మీది నుంచి పడి మందుబాబు ఖతం!' అప్పటి నుంచి తల్లి ఆమెతో మాట్లాడలేదు.

"వార్త రాసినోళ్లకు ఫోన్ చేసిన అమ్మా. తాగిండని మీరే చెప్పిన్రు గద అన్నరు."

"ఎవలు చెప్పుమన్నరే నిన్ను? గిందుకేనా సదివిచ్చింది?"

"అబద్ధమాడాల్నా? బాపు తాగిండు. పైకెందుకు ఎక్కిండో వాళ్లు అడగలే, నాకు చెప్పబుద్ధి కాలే. గది నా తప్పు. ఇప్పుడు కల్లు దాస్తే, వాళ్లు రాసిందే నిజమని మనమే ఒప్పుకున్నట్టు గాదా?"

అప్పుడే పై వాటా లలితకుమారి పాల గిన్నెతో వచ్చి, క్యాను చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఇంకా ఇదెందుకండీ? వార్తల్లో అలా వచ్చాక కూడా..."

యాదలక్ష్మి లేచింది. క్యాను మూత తీసి, ముంతలోకి నిండా కల్లు వంచింది.

"తాగిండమ్మా, రెండు గ్లాసులు. గాలికి ట్యాంకు మూత లేసిందని, పిల్లలు తాగే నీళ్లల్ల చెత్త పడ్తదని ఎక్కిండు. పాకురుకు కాలు జారింది. మీ ఇంట్లకు గూడ అండ్లకెల్లే వస్తయి నీళ్లు."

లలితకుమారి కొంగుతో నోరు మూసుకుంది. "మాకెవరూ చెప్పనే లేదండీ" అంటుంటే ఆమె కళ్లు నిండాయి.

"విజ్జీ, అన్నం కూరలు పెట్టి ఇస్తరి పట్టు బిడ్డా" అంది యాదలక్ష్మి, ముంత చేతుల్లోకి తీసుకుంటూ. "పైకి పోదాం. ట్యాంకు పక్కనే పెడదాం మీ బాపుకు."