విరిగిన మాత్ర

...లేదు, తాను విరవలేదు. రాత్రి వేసుకున్నది నిండు మాత్రే. మరి అట్టలో ఈ సగం ముక్క ఎక్కడిది? ఎవరో రేకు చింపి, సగం తీసుకుని, మిగిలిన సగాన్ని లోపలికి తోసి, పైన రేకు మళ్ళీ నొక్కారు. ఎవరో... గుండె దడ మొదలైంది. ఆగు, అనుకుంది ఆమె. ఇది జబ్బు భయమా, నిజం భయమా? డాక్టరమ్మ నేర్పిన పద్ధతి అది. భయం వచ్చినప్పుడు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, "నీ దగ్గర రుజువేమిటి?" అని అడగాలి. గ్యాసు పేలుతుందనేది, కూతురి బస్సు బోల్తా పడుతుందనేది, రుజువు అడిగితే నీళ్ళు నమిలేది! ఇవాళ మాత్రం ఆ భయం తడుముకోలేదు. తిన్నగా ఆమె అరచేతిలో సగం మాత్ర పెట్టింది.

హాల్లో కూతురు యూనిఫాం వేసుకుని, బూట్లు తొడుక్కుని కూనిరాగం తీస్తోంది. సిటీ బస్సు ఒంటరిగా నడపడం ఇవాళే మొదలు! శిక్షణ మైదానంలో అంత పెద్ద బండిని అద్దాలు చూసుకుంటూ రెండు స్తంభాల మధ్యకు వెనక్కి తెచ్చి, గీత మీద చక్రం పడకుండా నిలిపిందే, ఆ పిల్ల! కంచె బయట నిలబడి, ఎవరు చూస్తున్నారో మరిచిపోయి చప్పట్లు కొట్టింది తల్లి. నిన్నేమో ముద్ద దిగడం లేదని, చేతులు వణుకుతున్నాయని గోల. ఇవాళ కూనిరాగమా?

ఈ ఇంట్లో దువ్వెనకూ, గొడుగుకూ, చెప్పులకూ సొంతదారులు లేరు. "మనింట్లో నాదీ నీదీ లేదు" అని భర్త అక్క నలుగురిలో గర్వంగా చెప్పుకుంటుంది. ఒకరికి దగ్గు తగ్గించిన మందు ఇంకొకరి గొంతులోకి నిస్సంకోచంగా దిగుతుంది. ప్రేమ ఎక్కువైన ఇల్లు!

"వదినా, నా మాత్ర ఎవరు విరిచారు?"

కప్పులు కడుగుతున్న వదిన వెనక్కి తిరగలేదు. "బంగారం పోయినట్టు అడుగుతావేం? పిల్ల ఎలా వణికిపోతోందో చూడలేదూ! సగం పొడి చేసి టీలో కలిపా. నీకు రోజూ పనిచేసేది దానికి ఒక్కరోజు పనిచెయ్యదా?"

"టీలోనా! దానికి తెలుసా?"

"తెలిస్తే తాగుతుందా? మొండి ఘటం. అంతా నీ పోలికే!"

"ఏం కలిపావత్తా?" గుమ్మంలో కూతురు! ఒక్క క్షణం నివ్వెరపోయి, అంతలోనే నవ్వేసింది. "అందుకేనా ఒళ్ళు దూదిలా తేలిపోతోంది! చూడమ్మా, చెయ్యి ఎంత నిలకడగా ఉందో. ఇవాళ బండి గాల్లో తోలేస్తా!"

"తోలవు," అంది ఆమె. "ఇవాళ నువ్వు స్టీరింగు ముట్టుకోవు."

"అమ్మా! నీకైతే మందు, నాకైతే నేరమా? ఇన్నాళ్ళు కష్టపడింది దీనికోసమా? నేను బాగానే ఉన్నాను!"

"అలాగే అనిపిస్తుంది తల్లీ... అదే ప్రమాదం! ఆ మందు మొదలుపెట్టిన కొత్తలో పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. భయం లేదు, బెంగ లేదు... చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. నా ముందు పొంగింది పాలు. నీ ముందుకు పసిపిల్ల పరిగెత్తుకొస్తే?"

"అయ్యో, స్ట్రాంగుగా కాఫీ ఇస్తానుండు, మత్తంతా దిగిపోతుంది!" అంది వదిన కంగారుగా.

"కాఫీతో కళ్ళు తెరుచుకుంటాయి వదినా. మందు ఒంట్లోంచి పోదు."

"అంత విషమైతే నువ్వెందుకే మింగడం? నువ్వూ ఇవాళే మానెయ్!"

"విషం కాదు. నన్ను చూసి, నా సంగతంతా అడిగి, నాకని రాసిచ్చిన మందు. ఉన్నట్టుండి మానేస్తే అదే నన్ను పడేస్తుంది. తగ్గించాలన్నా డాక్టరమ్మే కొంచెం కొంచెంగా తగ్గించాలి. నా గొడుగు తీసుకోండి, దుప్పటి తీసుకోండి... ఈ అట్ట మాత్రం నాది!"

నాది! ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ పలకని మాట. కూతురు విసురుగా కూర్చుని బూటు ముడి విప్పబోయింది. వేళ్ళు తాడును దాటిపోయాయి. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ దాటిపోయాయి. వణుకు లేని ఆ వేళ్ళను పరాయివాళ్ళవన్నట్టు చూసుకుంది.

"అమ్మా... బ్రేకు మీద కాలు కూడా ఇలాగే తప్పేదా?"

వదిన కప్పు దించి పిల్ల పక్కన కూర్చుంది. "నా చేతులతో నేనే..."

"ప్రేమతోనే ఇచ్చారు వదినా. ఇకమీదట భుజం తట్టండి, చాలు."

వెంటనే డాక్టరమ్మకు ఫోను చేసింది. పిల్ల ఇంకేమైనా మందులు వాడుతోందా అని ఆవిడ అడిగింది. పక్కన మనిషి ఉండాలనీ, లేపినా లేవకపోతే, ఊపిరి తేడాగా ఉంటే క్షణం ఆగకుండా ఆస్పత్రికి తేవాలనీ, ఇవాళ బండి వద్దే వద్దనీ చెప్పింది.

మిగిలింది డిపో.

"జ్వరమని చెప్పెయ్," అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "మాత్రల మాటెందుకు? నలుగురికీ తెలిస్తే..."

"మొదటిరోజే జ్వరమంటే భయపడి పారిపోయాననుకుంటారత్తా," అంది కూతురు. "ఆడదానికి బండి ఇవ్వొద్దన్నవాళ్ళంతా నవ్వుతారు!"

నిజమే. అబద్ధం చెబితే పిల్ల పేరు పోతుంది. నిజం చెబితే తన జబ్బు బయటపడుతుంది. 'పిచ్చిది' అంటారేమో... అననీ! ఏళ్ళుగా భయంతో కాపురం చేసి, నిజం భయాన్నీ దొంగ భయాన్నీ విడదీయడం నేర్చుకుంది తాను. ఆ నేర్పే ఇవాళ ఒక బస్సెడు జనాన్ని కాపాడింది. సిగ్గెందుకు? లోపల ఏదో నిటారుగా లేచి నిలబడింది. దాన్ని గర్వమంటారని చాలాసేపటికి గానీ గుర్తుకు రాలేదు ఆమెకు.

కూతురు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. డిపో నంబరు నొక్కి, ఫోను తల్లి చేతికిచ్చింది. "నువ్వే చెప్పమ్మా. నీ మాటైతే నమ్ముతారు," అంది. ఆ కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ కోపం లేదు.

వదిన వీధివైపు కిటికీ మూయడానికి లేచింది. ఆమె మెల్లగా వదిన చెయ్యి పట్టుకుని ఆపింది.

"డిపో... చెప్పండి," అంది అవతలి గొంతు.

"నమస్కారమండీ," అంది ఆమె, వీధిలోకి కూడా వినిపించేంత స్పష్టంగా. "నేను మీ కొత్త డ్రైవరు వాళ్ళమ్మని."