ఎనిమిదో ఆవిడ చేతులు

ఆగస్టు మధ్యాహ్నాల్లో బర్ దుబాయ్ బట్టల కొట్లు కాసేపు మూసేస్తారు. ఆ వేళకే నేను లోసా మేడమ్ గది తుడవడానికి వెళ్లేదాన్ని, ఆదివారం ఒకసారి, గురువారం ఒకసారి. కింద కొట్లలోంచి కొత్త గుడ్డ వాసన మెట్ల దాకా వచ్చేది. పైన గది నిండా రంగుల వాసన.

లోసా స్కూల్లో డ్రాయింగ్ టీచరు. పుట్టింది న్యూజిలాండ్‌లో. వాళ్ల అమ్మమ్మది సమోవా అనే దీవి. ఇద్దరం ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఆ ఏడాది, రెండువేల ఇరవై మూడులో, గోడంత గుడ్డ మీద ఒక బొమ్మ మొదలుపెట్టింది. అందులో అమ్మమ్మ ఊరి ఆడవాళ్లు నేలమీద కూర్చుని చాప అల్లుతుంటారు. మొగలాకుని దారంలా చీల్చి అల్లే చాప. ఒక్కటి పూర్తవడానికి నెలలు పడుతుందట. పెళ్లిలోనూ చావులోనూ అదే పెడతారట.

"చాప ఎవరింటికెళ్లిందో అందరూ చెబుతారు రాణీ. ఎవరి చేతులు అల్లాయో మాత్రం ఎవరికీ గుర్తుండదు," అనేది. అందుకే చేతులే ముందు వేసేది. ముఖాలు ఆఖర్న.

ఏడుగురిని వేస్తానంది. ఆ గురువారం నేను వెళ్లేసరికి ఎనిమిదో జత చేతులున్నాయి.

చీపురు పట్టుకుని దగ్గరికి వెళ్లి చూశాను. నల్లటి, సన్నటి చేతులు. ఎడమ మణికట్టు మీద ఆకుపచ్చగా రెండు తెలుగు అక్షరాలు.

సూర.

ఏసీ చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు నాకు.

ఒకప్పుడు నా గదిలో ఉన్న వీరదుర్గ మొగుడి పేరు సూరి. తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిచినవాడు ఆఖర్న గుడి పెట్టడం మర్చిపోయాడు. "సగం మొగుడే నా చేతికొచ్చాడు," అని నవ్వేది. కరామాలో ఒకే గదిలో ఆరు మంచాలు మావి. నేను కింద, తను పైన. రెండువేల ఇరవై ఏప్రిల్లో, కరోనా రోజుల్లో, తనకి దగ్గు పట్టుకుంది. గది నా పేరు మీదుంది. తన సంచి నేనే సర్దాను. "టెస్ట్ చేయించుకుని రా," అని బయటికి పంపి, లోపల గడియ పెట్టాను. రాత్రి పదింటికి తిరిగొచ్చి తలుపు కొట్టింది. గట్టిగా కాదు. వేలి కణుపులతో, ఆగి ఆగి.

"రాణీ... కూర్చుంటానే. మంచం వద్దు, వంటగదిలో కూర్చుంటాను."

ఎవరమూ లేవలేదు. మూడోరోజు హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది, పోయిందని. తనే వెళ్లి చేరిందని ఊళ్లో వాళ్లకి చెప్పాను.

ఈ సంగతి లోసాకి ఎవరు చెప్పారు? వీరదుర్గకి ఒక చెల్లెలుంది. అది దుబాయ్ వచ్చి, నా పనిచోటు కనిపెట్టి, ఈవిడని పట్టుకుని నాటకం ఆడిస్తోందా? లోసా వీపు వైపు చూస్తూ నిలబడ్డాను. నా మొహం చూడకుండా రంగు కలుపుతోంది. కావాలనే చూడటం లేదనిపించింది.

"ఆ చేతులు ఎవరివి మేడమ్?"

"నీ స్నేహితురాలివి. నువ్వే పంపావుగా?"

"నేనెవరినీ పంపలేదు."

కుంచె పక్కన పెట్టింది. "నువ్వు రాని రోజుల్లో మధ్యాహ్నం వస్తుంది. రాణి గదిలో ఉండేదాన్ని అంది. చాప అల్లమంటే చక్కగా అల్లుతుంది. మా ఆడవాళ్లకి మోకాళ్ల పైన పచ్చబొట్లుంటాయి. అందుకే తన చేతి మీదిది నచ్చి వేశాను. ఏం రాసుందో నాకు తెలీదు."

"మనిషి ఎలా ఉంటుంది?"

"మాస్క్ తియ్యదు. ఎన్నిసార్లు అడిగినా తియ్యదు. ముఖం ఎలా వెయ్యాలా అని చూస్తున్నాను."

చెల్లెలే, మాస్క్ చాటున చెల్లెలే, అనుకున్నాను. పచ్చబొట్టు పెన్నుతో గీసుకుని ఉంటుంది. అలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

"ఇంకేం మాట్లాడుతుంది?"

లోసా కొంచెం ఆలోచించింది. "ఏమీ లేదు. నువ్విప్పుడు ఎక్కడుంటున్నావని మాత్రం అడుగుతుంది. వచ్చిన ప్రతిసారీ."

"చెప్పారా..."

"నిన్న చెప్పాను. తప్పా రాణీ?"

చీపురు అక్కడే వదిలేసి మెట్లు దిగాను. బస్సు కోసం ఆగలేదు. ఆ ఎండలో కరామా దాకా నడిచాను. దారిలో మాస్క్ పెట్టుకున్న ప్రతి ఆడమనిషి మణికట్టూ చూశాను.

ఇప్పుడుంటున్నది వేరే బిల్డింగ్, వేరే గది. ఫేబా ఒక్కతే ఉంది. అమలాపురం పిల్ల, హాస్పిటల్లో నర్సు, రాత్రి డ్యూటీ. పగలు పడుకోవడానికి తెరలన్నీ వేసి గది చీకటి చేసుకుంటుంది. తలుపు తీసి నన్ను చూసి అలాగే నిలబడిపోయింది.

"ఎప్పుడెళ్లావక్కా బయటికి?"

"పొద్దున్నే వెళ్లాను. ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. నువ్వు... పొద్దుట్నుంచీ పడుకునే ఉన్నావు కదా?"

నా మంచం వైపు చూశాను. దుప్పటి నలగకుండా పరిచి ఉంది.

"గోడవైపు తిరిగి మూలుగుతుంటే జ్వరమేమో అనుకున్నాను," ఫేబా గొంతు తగ్గించింది. "పక్కన కూర్చుని ప్రార్థన చేశాను. నువ్వు దుప్పట్లోంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నావు. చాలాసేపు వదల్లేదు."

"ఫేబా, అది నేను కాదు."

ఫేబా కుడిచెయ్యి చంకలో పెట్టుకుని ఉంది. అప్పుడు చూశాను.

"చేతికేమైంది?"

"చల్లబడిందక్కా. వేడినీళ్లలో పెట్టినా వెచ్చబడట్లేదు."

పట్టుకున్నాను. మాంసం దుకాణం ఫ్రీజర్లో చెయ్యి పెట్టినట్టుంది. ఎడమచెయ్యి మామూలుగానే ఉంది. గోళ్లు చూశాను, నీలంగా లేవు. నాడి కొట్టుకుంటూనే ఉంది.

ఈసారి నేను ఎవరినీ బయటికి పంపలేదు. తలుపు బార్లా తెరిచి, ఆ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను. వీరదుర్గ సంగతంతా ఫేబాకి చెప్పాను. మూడేళ్లలో మొదటిసారి ఒకరికి చెప్పాను. ఫేబా ఆ రాత్రి డ్యూటీకి వెళ్లలేదు, వింటూ వింటూ నిద్రపోయింది.

తెల్లారేసరికి ఆ చల్లదనం ఫేబా మోచేతి దాకా వచ్చింది.