ఆ నీళ్ళు చెట్టు తాగట్లేదు

బావమరిది ఫోను చేసినప్పుడల్లా మాస్టారికి ముఖం మీద ఈగ వాలినట్టుండేది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషాయన. లోకంలో సగంమంది మొద్దులనీ, మిగతా సగం తన భార్య తరఫు వాళ్ళనీ ఆయన నమ్మకం.

"బావా, ఆకురాలు కాలం ఇంకా రానేలేదు. కొత్తింటి పెరట్లో చెట్టు ఆకులన్నీ అప్పుడే గోధుమరంగుకు తిరిగిపోతున్నాయి. ఒక్కసారి వచ్చి చూడు" అన్నాడు బావమరిది. అతనిది దర్జీ పని.

"గుండీలు కుట్టుకునేవాడికి చెట్టెందుకురా?" అంటూనే సాయంత్రం బయల్దేరారు మాస్టారు. వెళ్ళకపోతే వెక్కిరించే అవకాశం చేజారిపోతుంది మరి.

మూడువైపులా ఎత్తు గోడలున్న ఇరుకు పెరడు. మధ్యలో ఆ ఒక్క చెట్టు. ఆకుల మధ్య ఈనెల వెంట పచ్చదనం మిగిలే ఉంది గానీ, ఆకుల అంచులు మాత్రం సెగ తగిలినట్టు మాడిపోయాయి. మాస్టారు ఒక ఆకు తుంచి, తప్పిన కుర్రాడి జవాబుపత్రం చూసినట్టు చూశారు.

"దెయ్యమూ కాదు, దిష్టీ కాదు. ఎండ లాగేసేంత నీరు వేర్లు అందివ్వలేకపోతే ఆకు ముందు అంచుల్లోనే మాడుతుంది. ఇంకా ముదిరితే చెట్టే ఆకుల్ని వదిలించుకుంటుంది. నువ్వు నీళ్ళు పొయ్యకుండా దీన్ని చంపుతున్నావు. అంతే సంగతి."

"రోజూ పోస్తున్నాను బావా. గొట్టం పెట్టి వదిలేస్తున్నాను. కానీ..." బావమరిది గొంతు తగ్గించాడు. "ఆ నీళ్ళు చెట్టు తాగట్లేదు."

"మరి మీ తాత తాగుతున్నాడా?"

బావమరిది నవ్వలేదు. చీకటి పడితే తానిక్కడ నిలబడలేనని చెప్పి, లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

"పిరికి సన్నాసి" అనుకుని మాస్టారు కుళాయి తిప్పారు.

గోడల మీది వెలుగు మెల్లగా పైకి జరిగి మాయమైంది. గొట్టంలోంచి నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. చెట్టు మొదట్లో మాత్రం నీళ్ళు గుంట కట్టలేదు, బురద కాలేదు. తడిమట్టి వాసన కూడా రాలేదు. పుల్లతో గీరి చూస్తే వేరు పక్కన పిడికిలంత కన్నం కనబడింది.

"ఎలక బొరియ! ఈ మాత్రం కనిపెట్టలేకపోయాడు దద్దమ్మ!" గొట్టం చివర అందులోకి దూర్చి పట్టుకున్నారు.

గుటక్...

చెవి ఒగ్గారు.

గుటక్... గుటక్... అది నీళ్ళు పడే చప్పుడు కాదు. మింగే చప్పుడు. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. కన్నంలోంచి వెచ్చగా, నిద్రలేచిన నోటి వాసన వచ్చింది.

"గాలి బుడగలు" అన్నారు మాస్టారు పైకే. వినడానికి అక్కడెవరూ లేరు. ఒక చేత్తో గొట్టం పట్టుకునే, వెనక్కి వంగి రెండో చేత్తో కుళాయి కట్టేశారు.

చప్పుడు ఆగింది. ఆ వెంటనే గొట్టాన్ని ఏదో లోపలికి లాగింది. ఒకసారి... మళ్ళీ ఒకసారి, గట్టిగా.

"ఇంకా..."

మాస్టారు రెండో చేయి కూడా గొట్టం మీద వేసి బిగించారు.

"అయిపోయాయా?" కింద నుంచి గుసగుస. "మీ ఇంట్లో ఉన్నాయా?"

ప్రశ్న వినబడితే జవాబు చెప్పకుండా ఉండలేని మనిషాయన. జన్మంతా అదే పని. అలవాటు కొద్దీ నోరు జారింది.

"ఉ... ఉన్నాయి."

చేతిలో గొట్టం వదులైపోయింది.

బావమరిదికి ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు చేరారు. భార్య అడిగితే, "మీ తమ్ముడి మొహం, చెప్పడానికేముంది?" అని ముసుగుతన్నారు. నిద్ర మాత్రం పట్టలేదు.

తెల్లవారగానే ఫోను. బావమరిది గొంతులో పండగ. "బావా, నీ చదువుకో దండం! ఇవాళ పొయ్యగానే చెట్టు మొదట్లో నీళ్ళు నిలిచాయి! ఏం చేశావు?"

మెచ్చుకోలు వినబడితే చాలు, మీసం దువ్వుకునే మాస్టారు ఫోను పెట్టేశారు.

అప్పుడే పెరట్లోంచి భార్య కేకేసింది. "ఏమండీ! రాత్రి కుళాయి విప్పి వదిలేశారా? ట్యాంకు ఖాళీ అయిపోయింది. నేల చూస్తే పగుళ్ళిచ్చింది!"

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు.

"మన మొక్కల గొట్టాన్ని ఏ కుక్కో కొరికినట్టుంది, చూడండి" అంటూ ఆవిడ గొట్టం చివర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

రబ్బరు మీద చుట్టూ గాట్లు. చిన్నవి, వరసగా, పాలపళ్ళంత.

ముందు రెండు పళ్ళ చోటు మాత్రం ఖాళీగా ఉంది.