నడుం మీద చెయ్యి

చీఫ్ తెర మీద ఫొటో వేశాడు. మెరిసే స్టీలు ట్యాంకు.

"ఇందులో ఏముంది, డేగా?"

"మందా సార్?"

"మందు తయారుచేసే కణాలు. హామ్‌స్టర్ అనే ఎలుక జాతివి. వాటిలో మనిషి జన్యువు పెట్టారు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ ఎయిట్ ప్రోటీన్ అవి తయారుచేస్తాయి. పుట్టుకతో అది లేని పిల్లలకి రక్తం కారడం మొదలైతే ఓ పట్టాన ఆగదు. వాళ్ళకిదే దిక్కు."

రెండో ఫొటో. తెల్ల సూటు, నవ్వు మొహం.

"విదేశీ ముఠా నాయకుడు. వీడు వెళ్ళిపోయినా గదిలో వాసన పోదు, అందుకే అత్తరు అంటున్నాం. మధ్యాహ్నం మందు కొనేవాడిలా ఫ్యాక్టరీకి వస్తున్నాడు. కణాల్ని చంపే వైరస్ ట్యాంకులోకి ఎక్కిస్తాడు. ఆ తర్వాత మిగిలేది వాడు కొని దాచిన మందే, పిల్లల ప్రాణాలు వాడి గుప్పిట్లో ఉంటాయి."

"గేటు దగ్గరే పట్టుకుంటే?"

"వైరస్ ఎక్కడ దాచాడో తెలీదు. బయటికి తీశాకే పట్టుకోవాలి. పక్కన మన డబుల్ ఏజెంట్ ఉంటుంది. సిరంజి కనిపించగానే 'ఇక్కడ ఉక్కగా ఉంది' అంటుంది. అదే కోడ్."

మూడో ఫొటో. పొట్టి జుట్టు, ఎర్రటి పెదాలు. అత్తరు భుజానికి ఆనుకుని నవ్వుతోంది.

డేగ కుర్చీలోంచి లేచాడు. "మా ఆవిడ ట్రైనింగ్ క్యాంపులో ఉందన్నారు సార్."

"అన్నాను" అన్నాడు చీఫ్, ప్రొజెక్టర్ ఆపేస్తూ.

మధ్యాహ్నం డేగ ఆపరేటర్ వేషంలో మూడో ట్యాంకు పక్కన నిలబడ్డాడు. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు, మాస్కు, కళ్ళద్దాలు. అద్దాల తలుపు జరిగింది. అత్తరు, ఆవిడా లోపలికొచ్చారు. వాళ్ళవీ అవే సూట్లు. అయినా నడకని బట్టి పెళ్ళాన్ని గుర్తుపట్టాడు. ఆవిడ నడుం మీద అత్తరు చెయ్యి.

మొదటి ట్యాంకు దగ్గర చెయ్యి అక్కడే ఉంది. రెండో ట్యాంకు దగ్గరా అక్కడే. అత్తరు ఏదో గొణిగాడు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు తన ఒక్కడి సొత్తనుకున్నాడు డేగ ఇన్నాళ్ళూ. ఒళ్ళు భగ్గుమంది. ఇన్ని నెలలు నటిస్తే నటన అలవాటైపోదా? అలవాటు ఇష్టమైపోదా?

ఇద్దరూ మూడో ట్యాంకు దగ్గరికొచ్చారు.

"ఆక్సిజన్ ఎంతుందో చూసి చెప్పు" అన్నాడు అత్తరు.

ఆవిడ స్క్రీన్ మీదికి వంగింది. కోడ్ రాలేదు. డేగ కళ్ళు మాత్రం ఆ నడుం మీదే ఉన్నాయి.

చెయ్యి లేదు.

వదలక వదలక ఇప్పుడు వదిలిన చెయ్యి ఎక్కడికి పోయింది? వెతికాడు. ఆవిడ వీపు వెనక, పెన్ను మూత ఊడుతోంది. లోపల సన్నటి సూది. ట్యాంకు రబ్బరు మూతకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

డేగ ఎగిరి దూకాడు. వాడి మణికట్టు ఫెళ్ళుమంది. పెన్ను నేల మీద దొర్లింది. అత్తరు రెండో చేత్తో పిడికిలి ఎత్తేలోపు ఆవిడ దాన్ని వెనక్కి మెలిపెట్టింది.

"ఇది నాకొదిలెయ్" అంది మొగుడితో.

అత్తరుని వ్యాన్ ఎక్కించాక, బట్టలు మార్చుకునే గది బయట ఇద్దరూ మాస్కులు తీశారు.

"పక్కనున్న నాకే కనబడలేదు. నీకెలా కనబడింది?"

"డ్యూటీలో ఉన్నాను కదా."

"వాడి మణికట్టు రెండు చోట్ల విరిగిందట. సూది వదిలించడానికి ఒక చోట చాలదూ?"

డేగ గ్లవ్స్ విప్పి బుట్టలో పడేశాడు.

"రెండోది డ్యూటీ కాదు" అన్నాడు.