తీసేసిన నలభై ఒక్క రోజులు

“టీ పెట్టానని మీ నాన్నకి చెప్పు,” అంది తల్లి.

ఆ నాన్న ఆవిడకి నాలుగడుగుల దూరంలో, కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. చెవుడేమీ లేదు. అయినా ఏడాదిగా ఆ ఇంట్లో మొగుడూపెళ్ళాల మాటలు కూతురి మీదుగానే నడుస్తున్నాయి.

“నాన్నా, టీ.”

“విన్నానని చెప్పు పంతులమ్మా.”

చిన్నప్పుడు బొమ్మలకి పాఠాలు చెప్పేదని ఆయన పెట్టిన పేరది. ఒకప్పుడైతే ఇలాంటి మాటకి నలుగురూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నాలుగోవాడు ఇప్పుడు లేడు.

ఆయన నలభై ఏళ్ళు పడవ నడిపిన సరంగు. నీళ్ళు ఎటు పోతున్నాయో, ఎంత జోరుగా పోతున్నాయో రోజూ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అలాంటివి ముప్ఫై రెండు పుస్తకాలు పోగయ్యాయి. సముద్ర పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చాక కూతురు వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పడం మొదలుపెట్టింది.

“ఇంతకీ ఏం చేస్తుందమ్మా అది?” అని అడిగాడాయన అప్పట్లో.

“లక్షల కొలతలు చూసి, ఏది జరిగాక ఏది జరుగుతుందో పోలిక పట్టేస్తుంది నాన్నా.”

“ఓస్, అంతేనా! మీ అమ్మ మొహం చూసి నేను రోజూ చేసే పనేగా!”

పోయినేడు తుఫాను వెలిసిన మూడో రోజు, కొడుకు పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. రేడియోలో ఒక్కసారి మాట్లాడాడు, తర్వాత అదీ మూగబోయింది. గాలించడానికి ఉన్నవి రెండే పడవలు. ఎటు వెళ్ళమంటారని అధికారులు ఫోన్లో అడిగితే, సరంగు “దక్షిణానికి” అన్నాడు. పక్కనే ఉన్న తల్లి ఆ మాట చెవులారా విన్నది. తొమ్మిదో రోజున ఓ సరుకుల ఓడకి పడవ కనిపించింది, ఉత్తరాన. కుర్రాడి ప్రాణం పోయి అప్పటికి ఒక్క రోజే అయిందన్నారు.

“నలభై ఏళ్ళు నీళ్ళు చూసిన మనిషి!” అంది తల్లి. భర్తతో ఆవిడ నేరుగా అన్న ఆఖరి మాట అది.

ఆవిడకి తెలియనిది ఒకటుంది. అధికారులకి చెప్పే ముందు సరంగు, పరిశోధన కేంద్రంలో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు. “నాకైతే ఉత్తరం అనిపిస్తోందమ్మా, నీ యంత్రం ఏమంటోంది?” అని అడిగాడు. దక్షిణం అంది కూతురు. చదువుకున్న పిల్ల మాట కాదనలేకపోయాడు. తర్వాత నింద ఆయన మీద పడినప్పుడు కూతురు నోరు మెదపలేదు. గాలి పడవని అటు లాక్కెళ్ళి ఉంటుందని తనకి తాను సర్దిచెప్పుకుంది. నిన్నటితో ఆ సర్దుబాటూ అయిపోయింది.

తల్లి వంటింట్లోకి వెళ్ళగానే కూతురు తండ్రి కుర్చీ పక్కన చతికిలబడింది.

“నాన్నా, తప్పు నాదే. మీ పుస్తకాల్లో కొన్ని రోజులు నీళ్ళు దక్షిణానికి పోకుండా వెనక్కి తిరిగాయని రాసుంది. ముందు రోజులకీ వాటికీ పొంతన లేదు. పొరపాటున రాశారనుకుని యంత్రానికి చూపించకుండా తీసేశాను. మొత్తం నలభై ఒక్క రోజులు.”

“తుఫాను వెలిశాకేగా?” అన్నాడాయన మెల్లగా.

“అవును. నిన్న వాటిని మళ్ళీ కలిపి చూస్తే అసలు సంగతి బయటపడింది. పెద్ద తుఫాను తర్వాత పది పన్నెండు రోజులు నీళ్ళు ఉత్తరానికే పోతాయి. మీరు చెప్పిందే నిజం. అమ్మకి చెప్పేస్తాను.”

“వద్దమ్మా! మీ అమ్మ నాతో మాట్లాడకపోయినా అలవాటైపోయింది. నీతో మాట్లాడకపోతే నువ్వు తట్టుకోలేవు.”

“ఏం చెప్పొద్దు?”

గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. చేతిలో గరిట అలాగే ఉంది.

కూతురు లేచి అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

“అంటే దక్షిణమన్నది మీ నాన్న కాదు, నువ్వేనని నీకు ముందే తెలుసు,” అంది తల్లి. “ఈ మనిషిని నేను పురుగులా చూస్తుంటే, ఏడాదిపాటు మా మధ్య కూర్చుని అన్నం తిన్నావు.”

“భయమేసిందమ్మా.”

తల్లి చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది. గరిట జారి కింద పడింది. కూతురు ఏడుస్తూ వీధి గుమ్మం దాటి మెట్ల మీద కూలబడిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. తల్లి వచ్చి కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది.

“ఏవండీ.”

ఏడాది తర్వాత వినబడిన ఆ పిలుపుకి సరంగు కళ్ళు నిండిపోయాయి.

“ఒక్కసారైనా నాకు చెప్పి ఉండొచ్చుగదండీ?”

“ఒక బిడ్డ పోయాడు. ఉన్న ఒక్కదాన్నీ నీకు దూరం చెయ్యమంటావా?”

ఆవిడ ఆయన మోకాలి మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకు కోసం ఏడ్చింది, మాట్లాడకుండా పోగొట్టుకున్న ఏడాది కోసం ఏడ్చింది. చాలాసేపటికి లేచి, చల్లారిన టీ తీసుకెళ్ళి మళ్ళీ కాచి, మూడు గ్లాసుల్లో పోసి తెచ్చింది. వీధి గుమ్మం వైపు మాత్రం చూడలేదు.

“ఏవండీ,” అంది, “టీ పెట్టానని మీ అమ్మాయికి చెప్పండి.”