ఎనిమిది డజన్లా, ఎనిమిది గాజులా?

"హిబా, పచ్చయి ఆరు ఇయ్యి" అంది జాహేదా, నవనీత చెయ్యి వదలకుండానే.

హిబా డబ్బాలోంచి ఆరు కట్టలు తీసి తల్లి ఒళ్లో పెట్టింది. ఒక్కో కట్టలో డజను గాజులు.

"ఆరు డజన్లేం జేసుకోవాలె? భుజాల దాంక తొడగాల్నా? నేనడిగింది ఆరు గాజులు."

అందరూ పకపకా నవ్వారు. హిబాకూ నవ్వొచ్చింది.

"నువ్వెప్పుడూ డజన్లల్లనే లెక్కపెడ్తవు కద, అమ్మీ?"

"డబ్బాల పెట్టేటప్పుడు డజన్లే. చేతికి మాత్రం ఒక్కొక్కటే ఎక్కుతది. ఎవరన్న ఆరంటే, ఏంటివి ఆరో ముందుగాల అడగాలె."

కొత్తకోటలో జాహేదాకు గాజుల దుకాణం ఉంది. ఊళ్లో ఏ ఇంట్లో సీమంతమైనా ఆమె డబ్బా పట్టుకుని వెళ్లాల్సిందే. ఈ ఆదివారం ఈదమ్మ ఇంట్లో ఆమె కోడలు నవనీతకు సీమంతం.

నవనీత భర్త దివాకర్ మిలిటరీలో ఉన్నాడు. ఎక్కడో మంచుకొండల దగ్గర డ్యూటీ. సాయంత్రం ఐదింటికి బండి ఎక్కితే, అతను పోయే చోట నెల రోజుల దాకా ఫోన్ పనిచేయదు.

"ఆయన బండెక్కే లోపల నా చేతులు చూడాలె. మంచిగ వీడియో తియ్యి, హిబా" అంది నవనీత.

ఆ పని హిబాకు భలే నచ్చింది. ఫోన్లో నెట్ స్పీడు కొలిచే యాప్ పెట్టుకుంది మరి! మన హిబాకు కనిపించిన ప్రతిదాన్నీ లెక్కకట్టే పిచ్చి. దోసె ఎంతసేపట్లో కాలుతుందో, బస్సు ఎంతసేపట్లో వనపర్తి చేరుతుందో, అన్నీ కావాలి.

వీడియో తీశాక యాప్ నొక్కింది. పంపే స్పీడు ఎనిమిది అని చూపించింది. వీడియో సైజు చూస్తే నాలుగువందల ఎనభై.

"నాలుగువందల ఎనభైని ఎనిమిదితో భాగిస్తే అరవై. అరవై సెకన్లు. ఒక్క నిమిషం పని, అక్కా!"

ఒక్క నిమిషమే కదా, తొందరేముంది? హిబా తీరిగ్గా వీడియో మీద పేర్లు రాసింది. పూలు అంటించింది. పూల రంగు నచ్చక మార్చింది.

"పంపినవా?" అని నవనీత అడిగింది. కాసేపటికి మళ్లీ అడిగింది.

"నిమిషం పనే అంటున్న కద, అక్కా!"

ఐదు నిమిషాలు తక్కువ ఐదింటికి పంపే బటన్ నొక్కింది. బొమ్మ మసకబారకూడదని ఉన్న సైజులోనే పంపింది. తెర మీద ఒక గుండ్రటి గీత మొదలైంది.

నిమిషం గడిచింది. గీత పావు వంతు కూడా తిరగలేదు.

హిబా ఫోన్ ఊపి చూసింది. కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అయినా గీత మాత్రం తన తీరునే పాకుతోంది.

"నా లెక్క తప్పు కాదమ్మీ! గిది ఎనిమిది, గది నాలుగువందల ఎనభై..."

డబ్బా సర్దుతున్న జాహేదా తల ఎత్తకుండానే అడిగింది. "ఏంటివి ఎనిమిది, బిడ్డా?"

హిబా ఆగిపోయింది. అవును, ఏంటివి?

యాప్ మళ్లీ తెరిచి చూసింది. ఎనిమిది పక్కన మెగాబిట్లు అని ఉంది. వీడియో పక్కన మెగాబైట్లు అని ఉంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు అని బడిలో దశరథం సార్ చెప్పాడు. ఆ రోజు హిబా పరీక్ష కోసం దాన్ని బట్టీ పట్టింది, అంతే. సైజు లెక్క డబ్బాలోని డజన్ల లాంటిది. స్పీడు లెక్క చేతికెక్కే ఒక్కో గాజుది.

ఒక్క నిమిషం కాదు. ఎనిమిది నిమిషాలు! ఐదింటికి ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయి.

హిబాకు నవనీత మొహం చూడ్డానికి భయమేసింది. అయినా చూసింది.

"అక్కా, నేను చూడకుండ తప్పు చెప్పిన. వీడియో ఇగ అందది."

నవనీత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెంప తుడుచుకోబోతే చేతి గాజులు గలగలమన్నాయి.

హిబా చటుక్కున వీడియో పంపడం ఆపేసింది. "అక్కా, చేతులు జర కదుపు!" అని ఫోన్ ఆమె మణికట్టు దగ్గర పెట్టింది. కొన్ని సెకన్ల చప్పుడు రికార్డు చేసింది, అంతే. సైజు చూసింది. ఈసారి అంకె పక్కన ఏముందో కూడా చదివింది. వంద కిలోబైట్లే. పంపింది.

నొక్కీ నొక్కగానే వెళ్లిపోయింది. రెండు గీతలు పడ్డాయి. అవి నీలంగా మారాయి, అంటే దివాకర్ తెరిచాడన్నమాట. అందరూ ఫోన్ చుట్టూ మూగారు. ఈదమ్మ కూడా పళ్లెం పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

ఫోన్ టింగుమంది. దివాకర్ గొంతు, వెనకాల బండి ఇంజన్ చప్పుడు.

"నవనీతా, మల్లొక్కసారి కదుపవా?"

నవనీత ఏడుస్తూనే నవ్వింది. "ఈసారి జర ఎక్కువసేపు పంపుదామా, హిబా? టైం సరిపోతదా?"

నిమిషం పనే అనబోయి హిబా నాలుక కరుచుకుంది. గడియారం చూసింది. అర నిమిషం చప్పుడు ఎన్ని కిలోబైట్లవుతుందో వేళ్ల మీద లెక్కగట్టింది. దాన్ని ఎనిమిదితో హెచ్చవేసింది. స్పీడు ఎంతో, ఏంటిదో మళ్లీ చూసింది. అప్పుడు నోరు తెరిచింది.

"సరిపోతదక్కా. కదుపు!"