తుడుము మోసిన వీపు

పొయ్యి మీద చోడి అంబలి కుతకుతలాడుతోంది. రెండేళ్ళ సుక్రిని పాత చీర ముక్కతో వీపుకు కట్టుకుని బుద్రి గరిటె తిప్పుతోంది గాని, ఆమె ధ్యాసంతా అరుగు మీదే ఉంది. అక్కడ ఆమె మామ సోంబరు తుడుము కట్టే తోలు పట్టీకి ఆముదం రాస్తున్నాడు. ఆ రోజు కొండ అవతలి ఊళ్ళో యర్రయ్య కూతురి పెళ్ళి. తుడుము వాయించాల్సింది వీళ్ళ ఇంటివాళ్ళే.

పట్టీ పని అయ్యాక సోంబరు లేవబోయాడు. లేవలేకపోయాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. బుద్రి చప్పున పొయ్యి వైపు తిరిగింది. మళ్ళీ చూసేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. ఇంకా ఎండైనా రాలేదు, నుదుటి నిండా చెమట.

ఆ ఇంటి తుడుము మామూలుది కాదు. పెద్ద ఇనప మూకుడంత ఉంటుంది, మూతికి దున్నపోతు తోలు బిగించి ఉంటుంది. వాయించేటప్పుడు అది నేలకు తగలకూడదు. తగిలితే ఆ పెళ్ళి నిలవదని ఆ కొండల్లో నమ్మకం. అందుకని ఒకరు వీపు వంచి మొయ్యాలి, ఒకరు వెనక నిలబడి వాయించాలి. పన్నెండేళ్ళుగా కొడుకు గాసి వాయిస్తుంటే మోసేది సోంబరే. కిందటి వానాకాలం సర్కారువాళ్ళు ఘాటురోడ్డు పనికి వెట్టికి పట్టుకుపోయి, నెల రోజులు రాళ్ళు మోయించి పంపిన దగ్గర్నుంచి ఆయన నడుము పాడైంది. ఆ మాట ఆయన నోటి వెంట రాదు. తడిక అవతల ఆయన మూలుగు వింటూ పడుకునే బుద్రికి వేరే చెప్పక్కర్లేదు.

బుద్రి తండ్రి అలాంటి రోడ్డు మీదే, తల మీద బరువుతో పడి, మరి లేవలేదు. అప్పటికి ఆమె కొండ కింద మిషను బడిలో రెండో పుస్తకం చదువుతోంది. చదువు ఆ పుస్తకం మధ్యలోనే ఆగిపోయింది.

ఆమె అంబలి దించి పెరట్లోకి వెళ్ళింది. గాసి మేకలకు ఆకు వేస్తున్నాడు.

“మావకి సెప్పినావా?”

“నానేటి సెప్తాను? తెచ్చినది నువ్వు. నువ్వే సెప్పు.”

“నీ తుడుము పది ఊళ్ళకి ఇనపడతాది. అయ్య ముందర నీ నోరు మాత్రం ఇనపడదు.”

“నీ నోరున్నాది కదే. మనిద్దరికీ సాల్తాది” అని గాసి నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు.

“ఈయేళ ఆయన తుడుము మోత్తే, సాయంత్రానికి ఆయన్ని మనం మోసుకొత్తాం. సూసుకో.”

గాసి ఆకు కట్ట కింద పడేసి, అటకకేసి చూశాడు. అక్కడ గుడ్డ చుట్టిన పొడుగాటి కట్ట ఎనిమిది రోజులుగా పడి ఉంది.

మామ బదులు తుడుమును మోసేది ఏదైనా కావాలని బుద్రి సంతంతా తిరిగింది. బుట్టలల్లే ఆయన రెండు వెదురు జతల్ని కత్తెరలా కట్టి చూపించాడు. తేలికే, చక్కగా మడిచి చంకన పెట్టుకోవచ్చు. కాని దాని మీద నీళ్ళకుండ పెట్టి చూస్తే జ్వరం వచ్చినట్టు వణికింది. వడ్రంగి దగ్గర నాలుగు కాళ్ళ పీట ఉంది. అది గట్టిదే, అయితే కొండెక్కించడానికి ఇద్దరు కావాలి. పైగా వాలు నేల మీద పెడితే ఒక కాలు గాలిలో ఉండిపోయింది. ఈ కొండల్లో చదును నేల ఎక్కడ దొరుకుతుంది? ఆఖరికి పాత సామాను అమ్మే వర్తకుడి దగ్గర కనిపించింది, మూడు కాళ్ళ కొయ్య. మడిస్తే మూడూ కలిసి ఒకటే కట్టె. విప్పితే ఎంత వాలులోనైనా నిలుస్తుంది. బుద్రి దాని మీద మోయగలిగినంత పెద్ద రాయి ఎత్తి పెట్టింది. కదల్లేదు. దాని నెత్తిన తుడుము కూర్చునేలా తీగతో ఒక కుదురు అల్లుకుంటే చాలు అనుకుంది.

“సర్వే దొరలదమ్మా. మేకు ఇరిగిందని పారేసినారు, నాను కొత్తది ఏసినాను” అన్నాడు వర్తకుడు.

ఒక కాలి మీద కాల్చి వేసిన గుర్తు ఉంది. మూడు గీతలు ఒక మొన దగ్గర కలుస్తాయి, కాకి కాలులాగ. అదే గుర్తున్న రాళ్ళు మామవాళ్ళ పోడు కొండ చుట్టూ పాతాక, ఆ కొండ సర్కారు అడవిలో కలిసిపోయిందని ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో విన్నది. మామ ఇప్పటికీ ఆ రాళ్ళ వైపు నడవడు. కొయ్యూరు వైపు గొడవలు సద్దుమణిగి రెండేళ్ళయినా కొండ దారుల్లో పోలీసులు తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళ కంట పడితే దొంగసొత్తు అంటారు. మామ కంట పడితే ఏమంటాడో ఆమె ఆలోచించడం మానేసింది. బుట్టెడు పిప్పళ్ళు ఇచ్చి కొయ్య తీసుకుంది. వాగు దగ్గర కూర్చుని కత్తితో ఆ గుర్తు గీకేసి, బూడిదా నూనే కలిపి రుద్దింది. తీగతో కుదురు అల్లి దాని నెత్తిన కట్టింది. ఇంట్లో మాత్రం వడ్రంగి చేశాడని చెప్పింది, మొగుడితో కూడా.

ఇప్పుడు ఆ కట్ట తీసుకెళ్ళి మామ ముందు పెట్టింది.

“ఏటిది?”

“తుడుముకి కాళ్ళు మావా. దీని మీద పెట్టి వాయించొచ్చు. నేలకి తగల్దు.”

“నా కాళ్ళకేటొచ్చినాది?”

“నీ కాళ్ళకేటీ రానేదు. నడుమే...”

“నా నడుము సంగతి నీకెవులు సెప్పినారు?” సోంబరు కట్ట వైపు చూడనైనా లేదు. “మోసే మడిసి బతికుండగా కొయ్య కాళ్ళేటి? నన్ను ఇంటికాడ కూకోబెడదామనా?”

“కూకుంటే తప్పేటి మావా? సుక్రి నీకాడే ఉంటాది.”

“పిల్లల్ని ఆడించుకుంటా కూకున్నవోడు తుడుము ఇంటోడేటి? నీ కొయ్య నువ్వే మోసుకో. తుడుము నాను మోత్తాను.”

అలాగే బయలుదేరారు. ముందు సోంబరు తుడుముతో, తరువాత గాసి, వెనక వీపున పిల్లతోనూ తల మీద కట్టతోనూ బుద్రి. ఎక్కుడులో సోంబరు మూడుసార్లు ఆగాడు. ఒకసారి తలగుడ్డ జారిందన్నాడు. ఒకసారి ముల్లు గుచ్చుకుందన్నాడు. మూడోసారి ఏ సాకూ చెప్పలేదు. బుద్రి ఆయన పిక్కల వణుకు చూస్తూ, తను ఎక్కడ కాలు వేస్తోందో చూసుకోవడం మరిచిపోయింది. గాసి చెయ్యి పట్టుకోబోతే ఆయన విదిలించుకున్నాడు.

పందిరి దగ్గర యర్రయ్య ఎదురొచ్చాడు. “పెళ్ళికొడుకోళ్ళు వాగు దాటేసినారు. బేగి మొదలెట్టండి.”

సోంబరు నడుం వంచాడు. గాసి పట్టీ బిగించి, తుడుము మీద మూడు దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బకు తుడుము పక్కకు ఒరిగింది. గాసి కర్రలు ఆపాడు. సోంబరు మోకాళ్ళు కూడదీసుకుని నిలబడ్డాడు. మళ్ళీ కొట్టమని చెయ్యి ఊపాడు. రెండు దెబ్బలకే మళ్ళీ ఒరిగింది.

“తుడుముకి నిద్దరొత్తన్నాదేటి గాసీ?” అంది ఆడవాళ్ళలో ఒకామె. నలుగురు నవ్వారు.

బుద్రికి ఆ నవ్వు వీపు మీద వాత పెట్టినట్టుంది. మరి ఎవరినీ అడగలేదు. గుడ్డ విప్పి, పందిరి పక్కన వాలులో కొయ్య కాళ్ళు మూడూ చాపింది. ఇత్తడి మేకు టక్కుమంది.

ఆ చప్పుడుకు సోంబరు తల తిప్పాడు. కొయ్యను చూశాడు. తరువాత, “దింపు” అన్నాడు కొడుకుతో. గాసి తుడుము ఊడదీసి చేతుల్లో పట్టుకున్నాడు. ముసలాయన కొయ్య దగ్గరికి నడిచి, ఒక్కొక్క కాలూ తడిమాడు. గీకిన చోట బొటనవేలు ఆగింది.

“ఇక్కడ కాకికాలుండేది.”

బుద్రి తల దించుకుంది.

“వడ్రంగి సేసినాడన్నావు.”

“అబద్ధమాడినాను మావా.”

“నువ్వే గీకినావా?”

“నానే.”

“గీకితే పోతాదేటి కోడలా?”

యర్రయ్య గబగబా దగ్గరికొచ్చాడు. “సర్కారు కొయ్యేటిది? మన కొండలు కొలిసిన కొయ్య నా కూతురి పందిట్లో పెడతారా? ముందు అవతల పారెయ్యండి.”

“పారెయ్యడమేటి, పొయ్యిలో పెట్టండి” అన్నాడు ఇంకెవరో.

గాసి మొహం కందగడ్డలా అయింది. “నాకైనా సెప్పనేదు. నలుగురిలో మా అయ్య పరువు తీసేసినావు కదే.”

“పరువు మిగిలి మడిసి పోతే ఏటి సేసుకుంటావు?” అంది బుద్రి. తను ఇంతమందిలో మాట్లాడుతున్నానన్న సంగతి ఆమెకు గుర్తులేదు. “మా అయ్య కూడా దించుకోనేదు. పక్కోళ్ళు నవ్వుతారని బరువు దించుకోనేదు. నాను బడి నుంచి వచ్చేసరికి రోడ్డు పక్కన ఆకులు కప్పి ఉంచినారు. రాత్తిరేళ మావ మూలుగుతుంటే నువ్వు నిద్దరోతావు, నాకు నిద్దర్రాదు. సర్కారుదో, దెయ్యందో, నాకు నిలబడే కొయ్య కావాల. తెచ్చినాను. కొడితే కొట్టు.”

వీపు మీద సుక్రి ఏడుపు అందుకుంది.

“ఆ గుంటని ఏటీ అనకురా” అన్నాడు సోంబరు. మెల్లగా రాయి మీద కూలబడ్డాడు. “ఈ కొయ్యని మన పోడు మీదికి ఎవులు తెచ్చినారో తెల్సా నీకు?”

“సర్వే దొర.”

“దొర మోత్తాడేటి? నానే తెచ్చినాను.”

గాసి తుడుముతోనే తండ్రి దగ్గరికి జరిగాడు.

“ఎట్టిపనికి పిలిసినాడు. దారి సూపమన్నాడు. ఈ వీపు మీదే కట్టినాడు. మోసుకెళ్ళి మన సేలోనే దింపినాను. కాళ్ళెలాగ పాతాలో ఆడే నేర్పినాడు. కదిల్తే తంతాడని గట్టిగా పాతినాను. అప్పుడు నీకు పన్నెండేళ్ళు. యేడు తిరక్కుండా రాళ్ళు పాతినారు, కొండ పోనాది. ఊరంతా దొరని తిట్టినారు. మోసినోడెవుడని ఒక్కడూ అడగనేదు. నానూ సెప్పనేదు.”

“ఆ యేడే కదా అయ్యా కర్రలు నాకిచ్చేసినావు?” అన్నాడు గాసి. “నామీద పేమ అనుకున్నాను.”

“పేమా ఉన్నాది. ఆ యేడు పండక్కి వాయిద్దామని నిలబడితే సెయ్యి లేవనేదు. ఆళ్ళ బరువు మోసిన వీపు, మనోళ్ళది కూడా మొయ్యనీ అనుకున్నాను. అందుకే దించనేదు. కోడలు అనుకున్నట్టు పరువుకి కాదు.”

బుద్రి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆయనది మొండితనం అనుకుంది. ముసలితనం అనుకుంది.

ముందుగా కదిలింది యర్రయ్య. సోంబరు పక్కన గొంతుక్కూర్చుని, నేల వైపు చూస్తూ అన్నాడు. “మా గరువు సేను సుట్టూ రాళ్ళు ఎవులు పాతినారనుకున్నావు సోంబరూ? గొయ్యి తవ్వినది నాను. పాతినది నాను. మా ఆడదానికి కూడా తెల్దు.”

“ఇప్పుడు తెల్సినాది” అంది వెనక నుంచి అతని పెళ్ళాం. ఆమె మాటలో కోపం లేదు.

కొండ దిగువ నుంచి పెళ్ళివారి మోరి బూర వినిపించింది. దగ్గరికి వచ్చేశారు. ఇక్కడ ఎదురు తుడుము మోగకపోతే వాళ్ళు ఊళ్ళో అడుగు పెట్టరు. యర్రయ్య సోంబరు మొహంలోకి చూశాడు. గాసీ చూశాడు. బుద్రి సుక్రిని ఊపుతూ, మామ మళ్ళీ వీపు వంచుతాడేమోనని ఆయన్నే కనిపెట్టి చూసింది.

సోంబరు రాయి పట్టుకుని లేచాడు. కొయ్య ముందు నిలబడి దాన్ని మనిషిని చూసినట్టు చూశాడు.

“ఇన్నాళ్ళూ ఇది మన సేత మోయించుకున్నాది” అన్నాడు. “ఈయేళ ఇదే మొయ్యాల.”

బుద్రి పెట్టిన కాళ్ళను పీకేశాడు. “ఇలాగ కాదు. కింద వైపు రెండు కాళ్ళు, పై వైపు ఒకటి.” ఒక్కొక్క కాలినీ మడమతో నేలలోకి తొక్కాడు. మేకు బిగించాడు. అరచేత్తో నెత్తిన నొక్కి చూశాడు. పన్నెండేళ్ళైనా ఆ చేతులు ఏదీ మరిచిపోలేదు. “పెట్టరా” అన్నాడు.

గాసి తుడుముని కుదురు మీద కూర్చోబెట్టాడు. కర్రలు ఎత్తి ఒక్కసారి తండ్రి వైపు చూసి కొట్టాడు. కొండ కింద నుంచి పెళ్ళివారి కేక జవాబుగా వచ్చింది. కొయ్య కదల్లేదు. ఆడవాళ్ళు చేతులు కలిపి వరసగా థింసా ఆటకి నిలబడ్డారు.

సోంబరుకు ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపు కొయ్య పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. తరువాత బుద్రి దగ్గరికొచ్చి చేతులు చాపాడు. ఆమె కట్టు విప్పి సుక్రిని ఇచ్చింది. పిల్లని చంకన వేసుకుని, ఆటకు అడ్డం లేకుండా చుట్టూ తిరిగి, తుడుముకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

అక్కడ నిలబడి కొడుకు మొహం చూశాడు. కళ్ళు సగం మూసుకుని, కింది పెదవి పళ్ళ మధ్య పట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి, గాసి ఈ లోకంలో లేనట్టు వాయిస్తున్నాడు.

“కోడలా.”

“ఏటి మావా?”

“వాయించేటప్పుడు పెదవి అలాగ కొరుక్కుంటాడేటి? ఆళ్ళమ్మ తిరగలి తిప్పేటప్పుడు అచ్చం అలాగే కొరుక్కునేది.”

“ఎప్పుడూ అంతే మావా” అంది బుద్రి. “నువ్వెప్పుడూ సూడనేదా?”

అడిగాక గాని ఆమెకు తట్టలేదు. పన్నెండేళ్ళూ ఆయన ఆ వాయింపును వీపుతోనే విన్నాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. సోంబరు మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నాడు.